రూట్ గారి టైము

ఆ కుట్టు ఫ్యాక్టరీలో ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన రూట్ గారు. యూనిక్స్ కంప్యూటర్లో అన్ని తలుపులూ తెరిచే సర్వాధికారిని రూట్ అంటారు. ఆ పాస్‌వర్డ్ తనొక్కడి దగ్గరే ఉందని, కంప్యూటర్లు చూసుకునే పనిలో చేరిన కొత్తలో నలుగురి ముందూ గొప్పలు పోయాడు. ఆ గొప్పే పేరై కూర్చుంది. ఇంట్లో మాత్రం స్టవ్వు వెలిగించాలన్నా వాళ్ళావిడ అనుమతి కావాలని ఆయనే చెప్పుకుని నవ్వుతాడు.

ఆవిడ అదే ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. ఆవిడ ముందు బస్సుకి వెళ్ళిపోతుంది, ఆయన తర్వాతి బస్సు కూడా పోగొట్టుకుని వస్తాడు. హాజరు వేసే గేటు మిషన్లో ఆయన పేరు పక్కన రోజూ ఆలస్యానికి ఎర్ర గుర్తే. ఆవిడ పేరు పక్కన ఒక్కటీ లేదు.

ఆ నెల ఆవిడ వరుసకి లైన్ లీడర్‌ని తీసుకుంటున్నారు. పనిలో ఆవిడకి తిరుగులేదు. షరతల్లా ఆ నెలలో ఒక్క ఎర్ర గుర్తు కూడా పడకూడదని.

అదే నెలలో మేనేజరుకి గడియారాల మీద కోపం వచ్చింది. గేటు మిషన్‌ది ఒక టైము, స్టోరు కంప్యూటర్‌ది ఇంకొకటి. చొక్కాలు కుట్టకముందే లారీ ఎక్కినట్టు కాగితాలు పుడుతున్నాయి.

"ఏమయ్యా రూటూ, అన్నిటికీ ఒకే టైము పెట్టలేవా?"

"చిటికెలో పని సార్," అన్నాడు రూట్ గారు.

అన్ని కంప్యూటర్ల గడియారాలనూ కలిపి నడిపే ప్రోగ్రామ్, పాతదే అయినా, సిద్ధంగా యూనిక్స్ సీడీలోనే ఉంది. కానీ రెడీమేడ్ వేసుకుంటే పరువేం కాను? ఇంటర్నెట్ నుంచి దాని మూలరాత, అంటే సోర్స్ కోడ్ తెచ్చి, దాన్ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడానికి, అంటే కంపైల్ చేయడానికి, తన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కంపైలర్ లేదంది. పెట్టాడు. లైబ్రరీ అనే ఏదో కోడ్ కట్ట లేదంది. వెతికి అదీ పెట్టాడు. డిస్కులో చోటు లేదంది. తను దాచుకున్న పాటలు తీసేశాడు. ఆ చిటికె వారం పట్టింది.

ఏర్పాటు తేలికే. పెద్ద కంప్యూటర్ ఇంటర్నెట్‌లోని నమ్మకమైన గడియారాలను టైము అడగాలి, మిగతావన్నీ పెద్ద కంప్యూటర్‌ని అడగాలి. బయట ఎవరూ పలక్కపోతే నీ గడియారాన్నే నమ్ముకో అని ముందుజాగ్రత్తగా ఒక వాక్యం కూడా రాశాడు. మొదలుపెట్టేముందు పెద్ద కంప్యూటర్‌కి చేత్తో ఒకసారి టైము పెట్టాలి. చేతి వాచీ చూసి పెట్టేశాడు. ఆలస్యం జబ్బుకి మందుగా ఆ వాచీని పెళ్ళయిన కొత్తలోనే తను పది నిమిషాలు ముందుకి తిప్పుకున్న సంగతి ఆ ఉత్సాహంలో తట్టలేదు.

తర్వాత గేటు మిషన్‌తో సహా ప్రతి కంప్యూటర్లోనూ చూశాడు. పెద్ద కంప్యూటర్ పేరు పక్కన నక్షత్రం గుర్తు వచ్చింది. టైము కుదిరిందని అర్థం. ఆ నక్షత్రాన్ని టేబులు టేబులుకీ తిరిగి చూపించాడు. పెద్ద కంప్యూటర్‌ని మాత్రం నువ్వు ఎవర్ని నమ్ముతున్నావని అడగలేదు.

మర్నాడు గేటు దగ్గర సగం మందికి ఎర్ర గుర్తులు పడ్డాయి. మేనేజరు మహా సంబరపడ్డాడు. "ఇన్నాళ్ళూ మిషన్ వెనకబడి మిమ్మల్ని కాపాడింది. ఇక మీ ఆటలు సాగవు!" అంటూ తన వాచీని కూడా కంప్యూటర్ చూసి సరిచేసుకున్నాడు. రూట్ గారికి ఎర్ర గుర్తు మామూలే కాబట్టి ఏ తేడా తెలియలేదు.

మధ్యాహ్నం ఆవిడ కంప్యూటర్ గది గుమ్మంలోకి వచ్చింది.

"రోజూ వచ్చే బస్సుకే వచ్చానండీ. ఎర్రది పడింది. లీడర్ లిస్టులోంచి నా పేరు తీసేశారు. మిషన్ తప్పేమో అంటే, దాన్ని సరిచేసింది మీ ఆయనే కదమ్మా అన్నారు."

"మిషన్లన్నీ ఒకే మాట మీదున్నాయి, ఇదిగో చూడు. బస్సే లేటయి ఉంటుంది."

"బస్సు లేటవలేదండీ."

"నువ్వు గమనించి ఉండవులే."

ఆవిడ తెర మీద నక్షత్రాన్ని చూసింది, ఆయన్ని చూసింది, తన కుట్టు మిషన్ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆవిడ ముఖం కళ్ళముందు నుంచి పోక, పెద్ద కంప్యూటర్‌ని కూడా అడిగాడు. బయటి గడియారాల్లో ఒక్కటీ పలకలేదు. పలకాల్సిన దారి మూసి ఉంది. పోయిన ఏడాది భద్రత పేరుతో దాన్ని మూసింది కూడా ఈ మహానుభావుడే. మరి ఈ టైము ఎక్కడిది? చేతి వాచీ వైపు చూసుకున్నాడు. పది నిమిషాలు ముందుకి తిప్పుకున్న సంగతి అప్పుడు తట్టింది.

గుట్టుగా గడియారాన్ని వెనక్కి జరిపితే ఎవరికీ తెలియదు. పరువు దక్కుతుంది. ఆవిడ ఎర్ర గుర్తు మాత్రం అలాగే ఉంటుంది. సిగ్గు విడిచి చెప్పాలంటే, కాసేపు వేళ్ళు ఆ పనికే సిద్ధమయ్యాయి. తర్వాత లేచి మేనేజరు గదికి వెళ్ళాడు.

"సార్, ఫ్యాక్టరీ టైము తప్పండి. అది నా చేతి వాచీ టైము. పది నిమిషాలు ముందుంటుంది."

"అంటే పొద్దున్నుంచి నేను నీ వాచీ చూసి అందర్నీ తిట్టానా?"

"అవునండి."

తిట్లన్నీ తిరిగి ఆయనకే వచ్చాయి. ఎర్ర గుర్తులు చెరిపేశారు. ఆవిడ పేరు మళ్ళీ లిస్టులోకి ఎక్కింది. కుట్టు హాల్లో మిషన్లు ఆపి మరీ నవ్వుకున్నారు.

సాయంత్రం బస్‌స్టాపులో ఆవిడ పక్కన నిలబడ్డాడు. తన మీద తనే వేసుకోవడానికి రెండు జోకులు కూడా సిద్ధం చేసుకున్నాడు.

"వాచీది పొరపాటు, దానికి నాకేం బాధలేదు," అంది ఆవిడ. "ఉన్న మిషన్లన్నిటినీ అడిగారు. ఇన్నేళ్ళు కాపరం చేసిన మనిషిని నేను, బస్సు లేటవలేదని చెప్పాను. నా మాట సరిపోలేదా మీకు?"

జోకులు రెండూ మానుకున్నాడు.

"సరిపోవాల్సింది," అన్నాడు.