పేరు చెప్పని ఫోను

వెబ్‌సైటు కావాలంటూ ఎవరొచ్చినా పూర్ణచంద్రరావు గారు శాంతి కుర్చీ వైపు చూపించేవారు. బందరులో ఆయన కంప్యూటర్ సెంటర్ నడిచేదే ఆ అమ్మాయి మీద. దివిసీమలో కృష్ణ పాయల మధ్య ఓ లంక ఊరి పిల్ల. ఎంసీఏ తోటివాళ్ళంతా హైదరాబాదు రైలెక్కేసినా, అమ్మకు దగ్గరగా ఉంటానని ఇక్కడే ఉండిపోయింది. మాట తక్కువ. తన పనికి వంక పెడితే మాత్రం కోపం ముక్కు మీదే ఉండేది.

2009 అక్టోబరులో కృష్ణమ్మ పొంగింది. లంకల్లోని జనాన్ని దాటించడానికి ఓ సేవాసంఘం పడవలు పెట్టింది. గట్టు ఎక్కడ తెగితే అక్కడి రేవు మానేసి, పడవ ఇంకో రేవుకు పోతోంది. ఏ ఊరివాళ్ళు ఏ రేవుకు రావాలో చెప్పే పేజీ శాంతే కట్టింది.

ఫోనైనా కంప్యూటరైనా ఓ పేజీ అడిగేటప్పుడు తానెవరో కూడా చెబుతుంది. శాంతి ఆ రిక్వెస్టులోని పేరు చూసి, ఒకే చిరునామాను రెండు దారుల్లో పంపేలా రూట్లు రాసింది. తనకు తెలిసిన ఫోను మోడళ్ళకు ఒట్టి అక్షరాల పేజీ. మిగతా అందరికీ మ్యాపుతో పెద్ద పేజీ. పడవలు పంపేవాళ్ళు ఆ మ్యాపు చూసుకునే పని చేస్తున్నారు. ముచ్చటగా కుదిరిందని మురిసిపోయింది కూడా.

మధ్యాహ్నం తమ్ముడు బెంజమిన్ ఫోను చేశాడు.

"అక్కా, నీ పేజీ తెల్లగా వస్తోందే. ఏం కనపడట్లా. అమ్మని తీసుకుని పాత రేవుకే వెళ్తున్నాం..."

"ఒరేయ్, అటెళ్ళొద్దు!"

అప్పటికే లైను తెగింది. పాత రేవు దారిలో గట్టు పొద్దున్నే తెగింది. ఎన్నిసార్లు నొక్కినా కాల్ కలవలేదు. నెట్ మాత్రం ఉండీ లేనట్టు నడుస్తోంది.

ఎవరెవరు పేజీ అడిగారో నమోదయ్యే సర్వర్ లాగ్‌ను శాంతి తెరిచింది. లంకల వైపు నుంచి వస్తున్న రిక్వెస్టుల్లో పేరు ఉండాల్సిన చోట ఖాళీ. చైనా సెట్లు! తమ్ముడి సెట్టు గుడివాడలో బేరమాడి కొన్నది తనే. ఊళ్ళో అందరి చేతుల్లోనూ అవే. అవి పేరు చెప్పవు. పేరు చెప్పని వాళ్ళందరినీ తన రూటు పెద్ద పేజీకి తోసేస్తోంది. ఆ పేజీని మోసే శక్తి వాటికి లేదు.

"ఏమైందమ్మా?" అన్నారు పూర్ణచంద్రరావు గారు.

"నా తప్పేనండీ. మావాళ్ళు నీళ్ళలోకి వెళ్తున్నారు."

పేరు లేని రిక్వెస్టుకు అక్షరాల పేజీ ఇవ్వమని కొత్త రూటు రాసి, సర్వర్‌కు ఎక్కించింది. లాగ్ చూసింది. ఏమీ మారలేదు! మళ్ళీ మొదటి నుంచి చదివింది. సైటును నడిపే ఫ్రేమ్‌వర్కు రూట్లను పైనుంచి వరసగా చూస్తుంది, ఏది ముందు సరిపోతే అక్కడే ఆగిపోతుంది. 'మిగతా అందరికీ' అన్న పాత రూటు పైనే ఉంది. కంగారులో కొత్తదాన్ని దాని కింద రాసింది. తనను తాను తిట్టుకుంటూ దాన్ని పైకి జరిపి మళ్ళీ ఎక్కించింది. కరెంటు ఓసారి రెపరెపలాడింది. పూర్ణచంద్రరావు గారు యూపీఎస్ పక్కనే నిలబడిపోయారు.

ఈసారి పేరు లేని రిక్వెస్టులకు చిన్న పేజీ వెళ్ళడం మొదలైంది. ఒకటి, ఇంకొకటి, ఆపైన వరసగా. అందులో బెంజమిన్‌ది ఏదో ఎలా తెలుస్తుంది? అన్నీ ఒకేలా ఉన్నాయి. శాంతి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది.

సాయంత్రం ఫోను మోగింది.

"అక్కా, పడవెక్కాం. పాత రేవుకి సగం దారిలో ఉండగా పేజీ వచ్చింది. వెనక్కి తిరిగి కొత్త రేవుకొచ్చేశాం."

శాంతికి ఏడుపు ఆగలేదు. ఆ చైనా ఫోన్లను తన సైటు గుర్తుపట్టలేదని ఏడుస్తూనే చెప్పింది. బెంజమిన్ ఆ మాట తల్లి జ్ఞానమ్మకు చెప్పి, ఫోను ఆమె చేతికిచ్చాడు.

"వాడు చెప్పాడులే. మన ఫోన్లు నీ కంప్యూటరుకి తెలీవంటగా?"

"దానికి తెలీదమ్మా."

"మరి నీకు తెలుసు కదే?" అంది జ్ఞానమ్మ. ఆ గొంతులో కోపం లేదు, నిజంగానే అడుగుతోంది.