ప్లంబరుగారి మంట

మోకాళ్ళు మొరాయించి పని మానేశాక ప్లంబరుకి లోకమంతా చేదైపోయింది. ఊళ్ళో సగం కుళాయిలు బిగించిన చేతులతో టీవీ రిమోటు పట్టుకు కూర్చోవడమంటే మాటలా? చివరికి పెరట్లో ఒక డ్రమ్ములో ఇంకో డ్రమ్ము బోర్లించి, పైపు బిగించి, వంటింటి చెత్తతో గ్యాసు తీశాడు. తొక్కలూ మెతుకులూ నీళ్ళలో కలిపి పోస్తే పొయ్యి మండుతుంది, పొర్లి వచ్చే చిక్కటి నీళ్ళు మొక్కలకి ఎరువవుతాయి. మొదట్లో టీ మరిగేలోగానే మంట కొడిగట్టేది.

"మీ గ్యాసూ మీ మోకాళ్ళూ ఒక్కటే, సగం దారిదాకానే వస్తాయి" అని భార్య ఏడిపించేది.

ఈమధ్య ఆ మంటకి ఊపొచ్చింది. కూర కూడా ఉడుకుతోంది. ఇక ఆయనకి పట్టపగ్గాలు లేవు. వీధిలో కనబడ్డవాళ్ళందరికీ పాఠమే. "కిటుకంతా బిగింపులో ఉందండీ!" అనేవాడు.

పక్కింటి టైలరమ్మకీ అలాంటిదే కట్టిచ్చాడు. ఇంటినిండా జనం, మంట మాత్రం మిణుకుమిణుకే. సంగతేదో తేల్చుకుందామని వచ్చిందావిడ.

"అన్నయ్యగారూ, మీరేం వేస్తున్నారో నా కళ్ళతో చూడాలి."

"చూడమ్మా, దాచేదేముంది!" అంటూ చెత్త బకెట్టు మూత తీసి కర్రతో కలియబెట్టాడు. పైన తొక్కలు. కింద కూర కలిపి, ముద్దలు చేసి, అలాగే వదిలేసిన అన్నం.

"ఇంతన్నమే! తినేది ఇద్దరేగా. మరి మండక ఏం చేస్తుంది?" నవ్వింది టైలరమ్మ.

ఆయన నవ్వలేదు. తన కంచంలో మెతుకు మిగలదు. భార్యేమో ఈమధ్య "మీరు కానివ్వండి, నేను తర్వాత తింటా" అంటోంది. ఉంగరం జారిపోతోందని ఆవిడంటే, పైపుకి చుట్టినట్టు దానికి దారం చుట్టిచ్చింది తనే. అప్పుడైనా అనుమానం రాలేదు.

లోపలికెళ్ళి నిలదీశాడు. ఆవిడ తల దించుకుంది.

"గొంతు దిగట్లేదండీ. ముద్ద అక్కడే ఆగిపోతోంది."

"ఎన్నాళ్ళనుంచే?"

"మీ మంట పెరిగిన దగ్గర్నుంచీ."

"చెప్పడానికేం, నోరు లేదా?" అని అరిచాడు. కోపం ఆవిడ మీద కాదని ఇద్దరికీ తెలుసు.

"ఎన్నాళ్ళకో నవ్వుతూ తిరుగుతున్నారు. పాడుచెయ్యడం ఎందుకని..."

తెల్లారగానే ఆసుపత్రికి వెళ్దామన్నాడు. తనే పల్చగా జావ కాచాడు. పొయ్యి నిండుగా మండుతుంటే దాన్ని చూడలేకపోయాడు. ఆవిడ ఒక చెంచా మింగింది, రెండోది రుమాల్లో ఉమ్మేసి గిన్నె పక్కకి నెట్టింది.

"బకెట్లో పోసెయ్యండి."

గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు. మూత తీశాడు. పొయ్యడానికి చెయ్యి రాలేదు. అక్కడే నిలబడి, ఏడుస్తూ, జావంతా తనే తాగేశాడు.