సరళ మేడమ్ ఆపిన అప్‌డేట్

నిన్న మూసాపేటలో మెట్రో ఎక్కగానే ఎక్కడి నుంచో ఒక గొంతు వినిపించింది. మాటకూ మాటకూ సందివ్వకుండా, ఊపిరి తీసుకోకుండా పరుగెత్తే గొంతు. చూపులేనివాళ్ళ ఫోన్లలో తెర మీది అక్షరాలను చదివి వినిపిస్తుందే, అది. పక్కనున్నాయన "ఇదేం భాషండీ బాబూ" అని నవ్వాడు. నాకు మాత్రం సరళ మేడమ్ గుర్తొచ్చారు. ఆ గొంతు ఏం చెబుతోందో తెలుసుకోవాలని పట్టుబట్టి కూర్చున్న మనిషిని నేను ఆవిడనొక్కర్తినే చూశాను.

నానక్‌రామ్‌గూడలోని మా ఆఫీసులో కంప్యూటర్ల బాగోగులు చూసే విభాగానికి ఆవిడ పెద్ద. పుట్టి పెరిగింది నల్లగండ్లలో. నేను కాకినాడ నుంచి వచ్చి ఆవిడ కింద కొత్తగా చేరాను. మా కంపెనీ చూపులేనివాళ్ళ కోసం సినిమాలకు వర్ణన తయారు చేస్తుంది. 'ఆమె తలుపు తీసింది, అతను తల దించుకున్నాడు' అని సంభాషణల మధ్య ఒకరు చెబుతూ పోతారన్నమాట. రోజంతా ఎవరెవరో పంపిన వీడియోలు మా కంప్యూటర్లలో ఆడుతూనే ఉంటాయి. మేడమ్‌కి అన్నీ సందేహాలే. లిఫ్టు బాగుచేసే అతను వచ్చినా పక్కన నిలబడి "ఇది గిట్లెందుకు జేస్తది?" అని ఆరా తీసేవారు. ఈవిడతో వేగడం ఎలారా దేవుడా అని నేను మొదట్లో తల పట్టుకున్నాను.

ఒక ఉదయం హెచ్చరిక వచ్చింది. మేం వాడే మీడియా ప్లేయర్‌లో లోపం ఉందట. ఎవరైనా కావాలని చెడగొట్టిన వీడియోను దాంట్లో తెరిస్తే చాలు, బయటివాళ్ళు కంప్యూటర్‌లోకి చొరబడొచ్చు. లోపం సరిచేసిన కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది. అందరి కంప్యూటర్లకూ ఒకేసారి పంపేద్దామని నేను మౌస్ మీద వేలు పెట్టాను.

"జర ఆగు," అన్నారు మేడమ్.

"ఆగడమేంటండీ, ఇది సెక్యూరిటీది."

"అందుకే ఇయ్యాల్నే ఎయ్యాలె. తాళం పాడైందని తెలిసినంక రేపు జూద్దామంటే ఎట్ల? కాని ముందు వాసు దగ్గర ఏసి చూద్దాం, పా."

వాసు మా టెస్టర్. పుట్టుకతోనే చూపు లేదు. తయారైన వర్ణన విని, ఎక్కడ కథ అర్థం కావడం లేదో చెప్పడం అతని పని. బెజవాడ మనిషి, వెటకారం పాలు ఎక్కువ. అప్పటికి కాంట్రాక్టు మీద ఉన్నాడు. ఆ వారం ఒక పెద్ద సినిమాను సమయానికి పూర్తిచేస్తే పర్మనెంట్ చేస్తామని పైవాళ్ళు మాటిచ్చారు.

కొత్త వెర్షన్ వేశాం. వాసు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఏవో మీటలు నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. "మేడమ్, దీనికి నోరు పడిపోయిందండి," అన్నాడు. కొత్త ప్లేయర్‌లో ఏ బటన్ ఎక్కడుందో ఆ చదివే గొంతు చెప్పలేకపోతోంది. మేడమ్ ఆ హెడ్‌ఫోన్స్ తాను పెట్టుకుని, మౌస్ పక్కకు నెట్టి, కళ్ళు మూసుకుని చాలాసేపు తంటాలు పడ్డారు. చివరికి "నిజమే," అన్నారు.

"నాకు పాతదే ఉంచేయండి. ఒక్క కంప్యూటర్‌తో ఏం మునిగిపోతుందండి?" అన్నాడు వాసు. ఆ గొంతులో ఎప్పటి వెటకారం లేదు. నేనైతే సరే అనేసేదాన్ని.

"ఊరికె ఉంచను. రేపేదన్న అయితే దొంగ ఏడికెళ్ళి వచ్చిండని చూస్తరు. నీ మిషన్ల నుంచి అని తేలితే, ఇగ ఏ ఆఫీసుల నీ అసొంటోళ్ళను తీసుకోరు. ఆ మాట నీ మీద పడనియ్య."

"మరి నా సినిమా?"

"గదే ఆలోచిస్తున్న. పొద్దుగాల రాంగనే ఏం నొక్కుతవో మొదలుకెళ్ళి చెప్పు."

అతను చెబుతుంటే ఆవిడ చిన్నపిల్లలా అడుగుతూనే ఉన్నారు. ఫైలు ఎవరిస్తారు, ఇంటర్నెట్ ఎందుకు వాడతావు, ఇది లేకపోతే ఏమవుతుంది. తీరా తేలిందేమిటంటే, అతని పనికి ఇంటర్నెట్టే అక్కర్లేదు. మధ్యాహ్నానికల్లా మిగతా అందరికీ కొత్త వెర్షన్ వెళ్ళిపోయింది. వాసుకి పాతది తిరిగి వేసి, ఆ కంప్యూటర్ నెట్‌వర్క్ తీగ పీకేశారు. బయటి వీడియో ఏదైనా ముందు మా దగ్గర తెరిచి, లోపల దాగినదేమైనా ఉంటే పోయేలా కొత్త ఫైలుగా మార్చి, పెన్‌డ్రైవ్‌లో అతనికి అందించాలి. ఏదైనా జరిగితే జవాబు తానే చెప్పుకుంటానని పైవాళ్ళకు మెయిల్ పెట్టారు. ఐటీ కంపెనీలో ఫైళ్ళు చేత్తో మోస్తున్నారేంటని నలుగురూ నవ్వారు. ఆవిడా నవ్వుతూనే మోశారు.

సినిమా సమయానికి వెళ్ళింది. వాసు ఉద్యోగం పర్మనెంట్ అయింది. ప్లేయర్ తయారుచేసేవాళ్ళకు మేడమ్ ఈ ఇబ్బందంతా రాసి పంపితే, కొన్నాళ్ళకు అదీ సరిచేసిన వెర్షన్ వచ్చింది. దాన్ని మా దగ్గర వేసి చూశాక ఆవిడ వాసు దగ్గరికి వెళ్ళారు.

"వచ్చింది. ఎప్పుడు ఎయ్యమంటవు? వారం దాటనియ్యకు మల్ల."

"నన్నడుగుతున్నారాండి?"

"మరి పని జేసేది నువ్వే గదా."

వాసు హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదివరకు చేసిన చోటల్లా, పొద్దున వచ్చేసరికి ఏదో ఒకటి మారిపోయి ఉండేదండి. మా ఇంట్లో మంచం జరిపినా నాకు చెప్పే జరుపుతారు," అన్నాడు.

మేడమ్ రిటైరయ్యారు. ఆ కుర్చీలో ఇప్పుడు నేనున్నాను. హెచ్చరికలు వస్తూనే ఉన్నాయి. ఎంత త్వరగా వేస్తే అంత మంచిదని ఆవిడలాగే నేనూ నమ్ముతాను, వేయించి తీరతాను. చెప్పకుండా మాత్రం ఎవరి మంచమూ జరపను.