కర్టెన్ల అంచున పిన్నీసులు

మా చిన్నప్పుడు... శనివారం మధ్యాహ్నం ఊరంతా కాలేజీ స్టేడియంలో ఫుట్‌బాల్ చూస్తూ ఉంటే, పక్కింటి డొరతీ గారు మాత్రం కిటికీలన్నీ మూసుకుని కూర్చునేవారు. ఆ అరుపులు చెవిన పడకూడదని...

ఒహాయోలో చిన్న కాలేజీ ఊరు అది. నాన్నది కాంట్రాక్ట్ ఉద్యోగం, ప్రాజెక్ట్ ఎక్కడుంటే అక్కడికి మూటాముల్లె సర్దుకోవడమే. ఏ స్కూల్లోనూ నేను రెండో ఏడు చదవలేదు. ఆ ఊళ్లోనే మొదటిసారి నాకంటూ ఓ స్నేహితురాలు దొరికింది, జెన్నీ. ఇక్కడే ఉండిపోవాలి స్వామీ అని రోజూ దండం పెట్టుకునేదాన్ని.

ఒకరోజు డొరతీ గారు మా పులిహోర గిన్నె తిరిగివ్వడానికి వచ్చి, మా కర్టెన్లు చూసి అలాగే నిలబడిపోయారు. ఒక్కో అద్దె ఇంటికి ఒక్కో ఎత్తు కిటికీ కదా... అందుకని అమ్మ అంచులు మడిచి, కుట్టకుండా పిన్నీసులు పెట్టేది.

"మా అమ్మ కూడా ఇంతే," అన్నారావిడ.

ఆవిడ తండ్రి కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌ట. హెల్మెట్లకు బదులు తోలు టోపీలు పెట్టుకుని ఆడే కాలం. కాలేజీలు సీజన్‌కో కోచ్‌ని పెట్టుకునేవట. గెలిస్తే భుజాల మీద ఊరేగింపు... పక్క ఊరి కాలేజీ చేతిలో ఓడితే మాత్రం, మర్నాడు పొద్దున గుమ్మంలో ఎవరో ఖాళీ సూట్‌కేసు పెట్టిపోయేవారట. ఇక దయచేయమని. "పెట్టె మంచిదే ఇచ్చారు" అని ఆయన నవ్వేసేవాడట. వాళ్లమ్మ కర్టెన్లు దింపేదట.

ఈ ఊళ్లో మొదటి సీజనంతా ఆయన ఓడలేదు. ఉండిపొమ్మని కాలేజీ వాళ్లే ఇల్లిచ్చారు. అప్పుడు వాళ్లమ్మ పిన్నీసులు తీసేసి, అంచులన్నీ కూర్చుని కుట్టింది. మరుసటి ఏడు మళ్లీ సూట్‌కేసు వచ్చింది.

"ఆ కుట్లు విప్పుతున్నప్పుడే మా అమ్మ ఏడవడం చూశాను," అన్నారు డొరతీ గారు.

పెద్దయ్యాక ఆవిడ ఈ ఊరికే తిరిగొచ్చి ఇల్లు కొనుక్కున్నారు. ఇక తనను ఎవరూ పొమ్మనలేరని.

ఆవిడ అటు వెళ్లగానే అమ్మ వెంటపడ్డాను... "మనవి కుట్టెయ్యవా అమ్మా, ప్లీజ్."

"నాన్న కాంట్రాక్ట్ ఎక్స్‌టెండ్ అవనీ, చూద్దాం," అంది అమ్మ.

అవలేదు. ఒక మధ్యాహ్నం స్కూల్ బస్సు దిగేసరికి నాన్న కారు అప్పటికే ఇంటి ముందుంది. లోపల అమ్మ స్టూలెక్కి కర్టెన్లు దింపుతోంది. డొరతీ గారు పిన్నీసులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేస్తున్నారు. నాకు ఏడుపు ఆగలేదు...

ఇప్పుడు చాండ్లర్ అనే ఊళ్లో మాకు సొంత ఇల్లుంది. ఈ వారం మా ఆఫీస్‌లో మళ్లీ లేఆఫ్‌ల మాట వినపడుతోంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. చెప్పాలంటే భయంగా ఉంది.

నిన్న కర్టెన్ జరుపుతుంటే, అంచున నేను పెట్టిన పిన్నీసు మా అమ్మాయి వేలికి గుచ్చుకుంది. మా అద్దె ఇళ్ల పిన్నీసుల కథ దానికి తెలుసు.

"మమ్మీ, ఇది మన ఓన్ హౌసే కదా... పిన్స్ ఎందుకు ఉంది? మనం మూవ్ అవుతున్నామా?"

లేదమ్మా అన్నాను. అని, సూదిలో దారం ఎక్కించుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను... ఇప్పటిదాకా ఒక్క కుట్టు పడలేదు.

అప్పుడు అద్దె ఇళ్లు, ఇప్పుడు సొంత ఇల్లు... పిన్నీసులు మాత్రం అవే. మీ ఇళ్లల్లోనూ ఇలా ఎప్పుడైనా ఊడదీయడానికి వీలుగా ఉంచేసినవి ఉన్నాయా? ఉంటే కింద రాయండి... అవి చదువుకుంటూ అయినా ఒక అంచు కుడతానేమో.