సూత్రప్రాయంగా

మా అక్క మొగుడు హార్బర్‌లో క్రేను నడిపేవాడు. మల్కాపురంలో మావి పక్కపక్క వాటాలు. నేను బళ్ళో తెలుగు చెప్పేవాణ్ణి కాబట్టి పేపరు చదివి అర్థం చెప్పే పని నాకే పడేది. బావకి అక్షరాలు రాక కాదు. పేపర్లో ఉండే తెలుగు తెలుగే కాదని ఆయన వాదన. అది కొంత నిజం కూడాను.

ఎనభైల మొదట్లో, రేవుల్లాంటి చోట్ల సమ్మె చేసినవాళ్ళ ఉద్యోగాలు ఊడబెరికే బిల్లొకటి ఢిల్లీలో పెట్టారు. మా వైపు నుంచి పెద్దల సభలో ఒక ఎంపీ ఉండేవాడు. అంతకుముందు కార్మికుల కేసులు వాదించిన ప్లీడరాయన. ఒకసారి బావని సస్పెండ్ చేస్తే, ఫీజు పుచ్చుకోకుండా వాదించి మళ్ళీ క్రేనెక్కించాడు. అప్పట్నించీ ఆయన మాటంటే బావకి వేదం. ఆ ఎంపీ మా పేటకొచ్చి, "నా కంఠంలో ప్రాణముండగా ఈ బిల్లు పాసవదు" అని మైకులో గర్జించాడు.

బావ ఇంటికొచ్చి, "మనకింక బెంగ లేదే, బాబున్నాడు" అన్నాడు అక్కతో. బిల్లుకి వ్యతిరేకంగా సమ్మె అనేసరికి మిగతావాళ్ళు గుంజాటన పడుతుంటే, ఆయనే ముందు దిగాడు.

సమ్మె నడుస్తుండగానే బిల్లు పాసైపోయింది. ఎంపీ గారి ప్రసంగం పేపర్లో పడితే పైకి చదివాను. బిల్లును సూత్రప్రాయంగా వ్యతిరేకిస్తూనే, జాతి ప్రయోజనాల దృష్ట్యా దానికి అనుకూలంగా ఓటు వేసినట్లు ఆయన తెలిపారట.

"సూత్రపాయంగా అంటే ఏటి బావా?" అనడిగాడు. నన్నూ ఆయన బావా అనే పిలిచేవాడు.

సంధులూ సమాసాలూ విడగొట్టి బతికేవాణ్ణి, ఆ మాటని ఎలా విడగొట్టాలో తెలియలేదు. "మనసులో ఇష్టం లేదు, చెయ్యి మాత్రం ఎత్తాడు" అన్నాను.

వంటింట్లోంచి అక్క అందుకుంది. "సూత్రం కట్టీసి కాపరం సెయ్యనోడి కత."

బావ నవ్వలేదు. "పేపరోళ్ళు తప్పు రాసుంతారు" అన్నాడు.

సమ్మె నీరుగారిపోయింది. ముందు దిగినవాళ్ళ ఉద్యోగాలు తీసేశారు. బావా నేనూ ఎంపీ గారింటికి వెళ్ళాం. ఆయన బావ భుజమ్మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు, పిల్లల చదువులు అడిగాడు, కాఫీ తెప్పించాడు.

"పార్టీ విప్ జారీ చేసిందయ్యా, నా చేతిలో ఏముంది? నా వైఖరి మాత్రం మారలేదు."

"మరి నా పనో బాబూ?"

"ఈసారి కేసు నిలవదు. చట్టం వచ్చేసింది కదా!"

వాన వచ్చేసిందన్నట్టు అన్నాడు, తనకేమీ సంబంధం లేనట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. బావ మాత్రం లేచి దండం పెట్టాడు. ఆ దండం మీద నాకు ఇంకా ఎక్కువ కోపం వచ్చింది.

తర్వాత బావ అదే రేవులో ఒక కాంట్రాక్టు మేస్త్రీ కింద కళాసీగా చేరాడు. ఒకప్పుడు క్రేనుతో దించిన బస్తాలనే ఇప్పుడు వీపు మీద మొయ్యాలి. అదీ మేస్త్రీ పిలిచిన రోజునే. సాయంత్రం ఆయన నడక చూస్తే నాకు ఏడుపొచ్చేది.

కొన్నేళ్ళకి వన్‌టౌన్లో మళ్ళీ ఎంపీ గారి సభ. కాంట్రాక్టు కూలి పద్ధతిని రూపుమాపేలా చట్టాన్ని సవరించాలట, అందుకోసం ఢిల్లీలో గొంతు చించుకుంటాడట. ఏం చెబుతాడోనని వెళ్ళాను. తీరా చూస్తే ముందు వరసలో బావ! చేతులు కందిపోయేలా చప్పట్లు కొడుతున్నాడు.

సభ అయ్యాక పట్టుకుని నిలదీశాను. "ఏం బావా, సిగ్గులేదూ? ఇంకా నమ్ముతున్నావా ఆయన్ని?"

"నమ్మడవేటి?" అంటూ బావ వీధి చివర ఆగివున్న లారీ వైపు చూశాడు. తోటి కళాసీలు అప్పటికే ఎక్కుతున్నారు.

"మమ్మల్ని రేవు కాడ్నించి ఎక్కించి తెచ్చింది మా మేస్త్రీయే బావా. సప్పట్లు కొట్టనోడు రేపట్నించి పన్లోకి రానక్కర్లేదన్నాడు."