ఫోన్లో దాచిన అట్టపెట్టెలు

శనివారం. బట్టలు ఉతికాను, పప్పు రుబ్బాను, ఫ్రిజ్ కడిగాను. ఫోన్ శుభ్రం చేయడం మాత్రం అనుకోని పని.

అవనిగడ్డలో మా ఆడపడుచు రేపు మనవరాలిని ఉయ్యాలలో వేస్తోంది. ఆ వేడుకలో పాడే ఉయ్యాలపాట పూర్తిగా వచ్చినది మా అత్తగారొక్కరికే. అక్కడికి పంపుదామని సాయంత్రం ఆవిడ పాడుతుంటే ఫోన్లో రికార్డు చేస్తున్నాను. సగంలో చోటు లేదంటూ ఫోన్ రికార్డింగ్ ఆపేసింది.

మా తోడికోడలు తీసుకుని చూసింది. “అక్కా, ‘జాగ్రత్త’ అని ఫోల్డరు పెట్టి ఇవన్నీ దాచావేంటి? యాప్‌లు ఎక్కించుకునే ఫైళ్లు ఇవి. ఎక్కాక వీటితో పనేముంది?”

“రేపు యాప్ పాడైతే?”

“మళ్లీ దింపుకుంటాం. మిక్సీ అట్టపెట్టె అటక మీద దాచినట్టు దాచావు!”

వాటికి చోటు చేయడానికి పోయిన నెల మా తమ్ముడి కూతురి పెళ్లి ఫోటోలు చెరిపేశాను. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

ఫైళ్లన్నీ తీసేశాం. అత్తగారు మళ్లీ మొదటినుంచి పాడి, “అమ్మాయ్, నీ ఫోను కడుపు ఖాళీ అయింది గానీ నా గొంతు ఎండిపోయింది. కాఫీ బాకీ ఉన్నావు” అన్నారు.

పాట అవనిగడ్డ చేరింది. మీ ఫోన్లోనూ ఇలాంటి అట్టపెట్టెలుంటే చెప్పండి, నాకు తోడున్నారని సంతోషిస్తాను. అత్తగారి కాఫీ బాకీ ఇప్పుడే తీర్చేశాను.