రెండు గంటలు ముందుండే నిషివాకి సారు

నిషివాకి సారు ఏ చోటికీ వేళకు రావడం నేను చూడలేదు. ఎప్పుడూ రెండు గంటలు ముందే వచ్చేవారు. నాలుగింటికి ప్రాక్టీసంటే రెండింటికి, ఆరింటికి మ్యాచంటే నాలుగింటికి. దోహాలో రెండు గంటల ఎండంటే ఏమిటో అక్కడ ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు, లేనివాళ్ళకు చెప్పినా తెలియదు. ఆ ఎండలో ఆయనను గ్రౌండు గేటు దగ్గర దింపే డ్రైవరు ఉద్యోగం నాది.

తొంభై ఆరులో సంగతి ఇది. మదీనత్ ఖలీఫా అవతల మాదొక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు. ఆయన గోల్‌కీపర్లకు కోచ్‌గా జపాన్ నుంచి వచ్చారు. అక్కడ ఓడలు కట్టే కంపెనీ జట్టుకు పద్నాలుగేళ్ళు గోల్‌కీపరుగా ఆడారట. పొద్దున ఓడలకు రంగు వెయ్యడం, సాయంత్రం బంతులు ఆపడం. మోకాలు దెబ్బతిన్నాక, ఆపడం మానేసి ఆపించడం మొదలుపెట్టానని తానే చెప్పి నవ్వేవారు.

ఆయన ఇంగ్లీషు, నా ఇంగ్లీషు రెండూ చదువులో సగంలో ఆగిపోయినవే కాబట్టి మేం బాగా అర్థం చేసుకునేవాళ్ళం. ఇంత ముందెందుకు సార్ అని ఒకసారి అడిగాను. నన్ను ఆయన వేణు-సాన్ అనేవారు, సాన్ అంటే వాళ్ళ భాషలో గారు.

"వేణు-సాన్, ఆఫీసులో మనిషి ఆలస్యంగా వస్తే సంతకం ఎర్ర సిరాలో పడుతుంది. గోల్‌కీపరు ఆలస్యంగా వస్తే అంకె పెద్ద బోర్డు మీద పడుతుంది. ఊరంతా చదువుతుంది."

అల్ ముంతజాలో ఒక మంగలి షాపుండేది. షట్టరు ఎత్తేసరికి మెట్ల మీద ఈయన కూర్చుని కనబడడం చూసి చూసి, ఆ మంగలి చివరకు తాళంచెవి ఒకటి ఈయన చేతిలో పెట్టేశాడు. షాపు తెరిచి, ఊడ్చి, కుర్చీలో కూర్చుని ఎదురుచూసే గిరాకీ ఆ వీధిలో ఇంకొకరు లేరు.

మా ఊరివైపు ఇంజనీరు కామేశ్వరరావు గారు అల్ మన్సూరాలో ఉండేవారు. ఒక శుక్రవారం ఆయన నిషివాకి సారును మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనానికి పిలిచారు. పదకొండింటికి మేం తలుపు కొట్టాం. కామేశ్వరరావు గారి భార్య లలితకుమారి గారు తలంటుకున్న జుట్టుకు తువ్వాలు చుట్టుకుని తలుపు తీశారు. లోపల చింతపండు అప్పుడే నానేసినట్టుంది.

"వేణుగోపాలరావు గారూ, ఇప్పుడొచ్చిన మనిషికి నేనేం పెట్టను? చింతపండు నీళ్ళా?"

ఆవిడ నెమ్మదిగానే అన్నారు గాని నాకు తలెత్తుకోవడం కష్టమైంది. నిషివాకి సారు మాత్రం నేరుగా వంటింటి గడప దగ్గర బాసింపట్టు వేసుకుని కూర్చుని, చిక్కుడుకాయల గిన్నె ముందుకు లాక్కుని ఈనెలు తీయడం మొదలుపెట్టారు. అరగంటలో కాయలన్నీ ఒకే పొడవు ముక్కలయ్యాయి. ఆ కూర ఆ ఇంట్లో అంత అందంగా ఎప్పుడూ రాలేదని కామేశ్వరరావు గారు పైకే అన్నారు. ఆ మాటకు ఆయన తర్వాత ఏం అనుభవించారో నాకు తెలియదు.

మరోసారి పిలిచినప్పుడు ఆవిడ తెలివిగా మూడింటికి రమ్మన్నారు. సారు సరిగ్గా ఒంటిగంటకు వచ్చారు. అన్నం పొగలు కక్కుతూ ఉంది. గెలిచానని ఆవిడకు సంతోషం, రెండు గంటలు ముందొచ్చానని ఆయనకు సంతోషం.

గ్రౌండు గేటు దగ్గర ఆయనను దింపాక నేను వ్యాను నీడకు పెట్టుకుని, కళ్ళు మూసుకుని విష్ణు సహస్రనామం చదువుకునేవాణ్ణి. నెమ్మదిగా రెండుసార్లు పూర్తయ్యేసరికి ఆటగాళ్ళు వచ్చేవారు. లోపల ఆయన ఒక్కరూ ఏం చేస్తున్నారో ఒక్కనాడూ తొంగి చూడలేదు. భగవంతుడి పేరు మీద నేను సుఖంగా కూర్చున్నానని తర్వాత తెలిసి సిగ్గుపడ్డాను.

అది ఎలా తెలిసిందంటే, ఒక శుక్రవారం సారుకు జ్వరం వచ్చింది. ఆ సాయంత్రం మా గ్రౌండులోనే మ్యాచ్. ఆట మొదలుపెట్టబోతూ రెఫరీ నేలకేసి చూసి విజిల్ నోట్లోంచి తీసేశాడు. పక్కగీత జెండా దగ్గర బుద్ధిగా బయలుదేరి, సగానికి వచ్చాక దారి మరిచిపోయి, ప్రేక్షకుల బెంచీల వైపు వెళ్ళిపోయింది. గోలు ముందు పెట్టె ఒక పక్క ఇల్లంత, ఇంకో పక్క అరుగంత. గీతలు చెరిపి మళ్ళీ గీసేసరికి గంట పట్టింది. వచ్చిన జట్టువాళ్ళు నవ్విన నవ్వు మా మేనేజరు గౌహర్ సాబ్ చెవుల్లో ఉండిపోయింది.

గీతలు గీసేది రాజన్న. జగిత్యాల దగ్గరి పల్లెటూరు, యాభై దాటిన మనిషి, క్లబ్బులో తొమ్మిదేళ్ళ నౌకరీ. గౌహర్ సాబ్ అతన్ని పిలిచి, నాలుగడుగుల దూరంలో నిలబడి వేళ్ళు చూపించి, ఎన్నో చెప్పమన్నారు. రాజన్న వేళ్ళకేసి కాకుండా గొంతు వచ్చినవైపు చూశాడు. రేపు తొమ్మిదింటికి వీసా క్యాన్సిల్ కాగితం మీద సంతకం పెడతానని చెప్పి సాబ్ వెళ్ళిపోయారు.

రాజన్న సున్నం బండి పక్కన కూలబడి నాతో చెప్పాడు. "ఆర్నెల్ల సంది కండ్లకు పొర గమ్మింది, రావు సారూ. దవాఖానకు పోతే అన్‌ఫిట్ అని రాసి ఇంటికి తోలుతరని పోలే. బిడ్డ మమతకు టీచరు ట్రైనింగు ఇంకొక్క ఏడాది ఉన్నది. నేను పోతే అది ఆడికే ఆగుతది."

మరి ఆర్నెల్లుగా గీతలు ఎవరు గీశారని అడిగాను.

"ఇంకెవలు, జపాన్ సారే. రెండు గొట్టంగ వచ్చి బండి ఆయిన పడుతడు. నేను దారం కొస పట్టుకొని నిలవడుత. యల్లా అంటే ఇడువాలె, మాఫీ అంటే ఆగాలె. మాకు గా రెండు అరబ్బు మాటలే. ఎవలకు చెప్పద్దని మూతి మీద వేలు పెట్టిండు."

అప్పటికప్పుడు సారు ఇంటికి వెళ్ళాను. నుదుటి మీద తడిగుడ్డతో పడుకుని ఉన్నారు. అంతా విని, ఆఫీసు ఎన్నింటికని మాత్రం అడిగారు. తొమ్మిదన్నాను. కళ్ళు మూసుకున్నారు.

తొమ్మిదంటే ఆయనకు ఏడు కదా. నేను ఆరింటికే వ్యానుతో వెళ్ళాను. ఇంటికి తాళం వేసి ఉంది. ఆఫీసుకు పరుగెత్తాను. అక్కడా లేరు. పనివాళ్ళుండే క్యాంపులో రాజన్న మంచమూ ఖాళీ. ఎనిమిదైంది, ఎనిమిదిన్నర అయింది. తొమ్మిదింటికి గౌహర్ సాబ్ వచ్చి కాగితం ముందేసుకుని పెన్ను మూత తీశారు. కాసేపు ఆగమని బతిమాలాను. ఎవరికోసమన్నారు. నిషివాకి సారు కోసమన్నాను. సాబ్ గడియారం చూసి పెన్ను కింద పెట్టేశారు. ఆ మనిషి తొమ్మిదయినా రాలేదంటే ఆయనకూ భయం వేసినట్టుంది.

తొమ్మిదీ పదికి టాక్సీ దిగారు ఇద్దరూ. సారు జ్వరంతో వణుకుతున్నారు, చేతిలో డాక్టరు చీటీ ఉంది. తెల్లవారకముందే రాజన్నను వెంటబెట్టుకుని కంటి దవాఖానకు వెళ్ళి, తలుపులు తెరిచేసరికి వరసలో మొదట నిలబడ్డారట. రెండు కళ్ళకూ శుక్లాలేనని, ఆపరేషన్ చేస్తే నెలలో చూపు వస్తుందని చీటీలో ఉంది.

"రాజన్న పని ఆరు నెలలు నేను చేశాను," అన్నారు సారు నిలబడే. "ఇంకొక నెల చేస్తాను. ఈ ఆరు నెలల్లో నా గీతల్లో తప్పేమైనా కనిపించిందా?"

లేదని గౌహర్ సాబ్ ఒప్పుకున్నారు. తర్వాత కాస్త నొచ్చుకున్నట్టుగా, "మేరేకు ఒక్క మాట చెప్పొచ్చు కదా, కోచ్ సాబ్. నేనేమన్నా పులినా?" అన్నారు.

"మీరు అందరికంటే ఆలస్యంగా వస్తారు. చెబుదామని ఎదురుచూసి, ఎదురుచూసి పనిలో పడేవాణ్ణి."

సాబ్ ముఖం ఒక్క క్షణం ఎటు వెళ్ళాలో తేల్చుకోలేక, చివరకు నవ్వులోకి దిగింది. కాగితాన్ని నాలుగు మడతలు వేసి చెత్తబుట్టలో వేశారు.

దేవుడి దయవల్ల రెండు ఆపరేషన్లూ బాగా జరిగాయి. ఆ నెలంతా సారు గీతలు గీశారు. దారం కొస నేను పట్టుకున్నాను. సహస్రనామం నిలబడి చదువుకున్నా పుణ్యం వస్తుంది.

రాజన్న నల్లద్దాలు పెట్టుకుని డ్యూటీకి వచ్చిన రోజున, చూపు వచ్చిందన్న సంబరంలో టేపు తీసుకుని గ్రౌండంతా కొలిచాడు. గోలు ముందు పెనాల్టీ చుక్క దగ్గర చాలాసేపు వంగి కూర్చున్నాడు. అవతలి గోలు దగ్గరికి వెళ్ళి అక్కడా కూర్చున్నాడు. తర్వాత నన్నూ సారునూ చేయి ఊపి పిలిచాడు.

"రావు సారూ, జపాన్ సారును జర అడుగుండ్రి. ఈ చుక్క గోలుకు జానెడు దూరం ఎందుకు జరిగింది? ఆ దిక్కు గూడ గంతే ఉన్నది."

నేను ఇంగ్లీషులో చెప్పాను. నిషివాకి సారు ముందు ఆకాశంకేసి చూశారు. తర్వాత తన బూట్లకేసి చూసుకున్నారు.

"వేణు-సాన్, రెండు వైపులా సమానమే," అన్నారు చిన్న గొంతుతో. "ఎవరికీ అన్యాయం లేదు. ఆ జానెడుతో పాపం కీపరుకు బంతి కంటే కొంచెం ముందుండే వేళ దొరుకుతుంది."

రాజన్న రెండు చుక్కలూ చెరిపేసి, టేపు ప్రకారం జానెడు గోలు దగ్గరికి పెట్టాడు. సారు ఆ కొత్త చుక్కకేసి దిగులుగా చూస్తూ ఉండిపోయారు. ఆటగాళ్ళు రాగానే గోల్‌కీపర్లు ఇద్దరినీ పక్కకు పిలిచి, రేపటినుంచి ప్రాక్టీసుకు వాళ్ళు కూడా రెండు గంటలు ముందు రావాలని చెప్పారు.